ఆరో తరగతికి మూడు గవర్నమెంటు హైస్కూళ్ళు: ఎక్కడ చదువు బాగుందో ఎలా తేల్చుకోవాలి?

కాలువగట్టు నాన్న:

అందరికీ నమస్కారం. మాది గుంటూరు జిల్లాలో డెల్టా వైపు ఒక పల్లెటూరు. రోడ్డు మీద చిన్న జిరాక్స్ షాపు నడుపుకుంటాను. మా ఆవిడ బ్లౌజులు కుడుతుంది. పాపకు ఐదో తరగతి అయిపోయింది. ఇప్పటిదాకా టౌన్లో ప్రైవేటు స్కూలుకి వెళ్ళింది. ఆరు నుంచి ఫీజు, బస్సు కలిపి చెప్పిన లెక్క మా వల్ల కాదు. దానికి తోడు నాకు ఆ చదువు మీద నమ్మకం కూడా తగ్గింది. డైరీ అంతా ఇంగ్లీషులో ముత్యాల్లాంటి అక్షరాలు. షాపులో కూర్చోబెట్టి "37 రూపాయల బిల్లుకి వంద ఇచ్చారు, ఎంత తిరిగివ్వాలమ్మా" అంటే వేళ్ళు లెక్కపెడుతుంది.

అందుకని గవర్నమెంటు హైస్కూల్లోనే వేద్దామనుకున్నాం. ఈ నిర్ణయం మార్చుకోమని మాత్రం ఎవరూ చెప్పకండి, ఆ చర్చ మా అత్తగారితో చాలినంత అయింది.

మాకు అందుబాటులో మూడు ఉన్నాయి. ఒకటి మా ఊరి జడ్పీ హైస్కూలు, నడిచి వెళ్ళొచ్చు. పదో తరగతి ఈ ఏడాది 24 మంది రాస్తే 22 మంది పాసయ్యారు. రెండోది మండల కేంద్రంలోని జడ్పీ హైస్కూలు, ఐదు కిలోమీటర్లు. అక్కడ 80 మందిలో 58 మందే పాస్. మూడోది టౌన్లో మున్సిపల్ హైస్కూలు, 64 మందిలో 52. శాతాలు కడితే మా ఊరిది 91 దాటింది, మండలానిది 72, టౌనుది 81. ఈ లెక్కన మా ఊరి బడే బెస్ట్ అవ్వాలి. కానీ మా ఊళ్ళోనే కాస్త చదువుకున్నవాళ్ళు పిల్లల్ని మండలానికి పంపిస్తున్నారు. కారణం అడిగితే "అక్కడ సార్లు బాగా చెప్తారు" అంటారు తప్ప అంతకు మించి చెప్పరు.

నా పాప పదో తరగతి పరీక్ష రాసేది ఐదేళ్ళ తర్వాత. నాకు కావాల్సింది ఆరు, ఏడు, ఎనిమిది ఎలా ఉంటాయని. ఆ తరగతుల మార్కులు బడివారీగా ఎక్కడైనా దొరుకుతాయా? యూడైస్ అని బళ్ళ వివరాలుండే గవర్నమెంటు వెబ్‌సైట్లో చూస్తే గదులెన్ని, టీచర్లెంతమంది, మరుగుదొడ్లెన్ని అని ఉంది. చదువు ఎలా ఉందో అందులో లేదు. ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో అడుగుదామని వెళ్తే అందరూ బదిలీల హడావిడిలో ఉన్నారు, నా మాట వినే తీరిక ఎవరికీ లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

లెక్కల మాస్టారు (రిటైర్డ్):

బాబూ, నేను జడ్పీ బళ్ళలో లెక్కలు చెప్పి, చివర్లో హెచ్ఎంగా పదవీ విరమణ చేసినవాణ్ణి. మీ లెక్క చూశాను. పదో తరగతి పాస్ శాతం పట్టుకుని ఆరో తరగతికి బడి ఎంచుకోవద్దు. కొన్ని బళ్ళలో ఆ శాతం పెరిగేదే ఆరు, ఏడు తరగతుల పిల్లల పీరియడ్లకు కోత పెట్టి.

హెచ్ఎంని పై అధికారులు నిలదీసేది పదో తరగతి గురించే. ఏడో తరగతి పిల్లలకి భిన్నాలు వచ్చాయా అని నన్ను ఏ డీఈఓ (జిల్లా విద్యాధికారి) గారూ అడిగిన గుర్తు లేదు. అందుకని బడిలో గట్టి లెక్కల టీచరు ఎవరుంటే వాళ్ళకి తొమ్మిది, పది ఇస్తారు. మిగిలిన పీరియడ్లు ఎవరికి ఖాళీ ఉంటే వాళ్ళకి. ఫిజిక్సు సారుకి ఆరో తరగతి లెక్కలు ఇస్తే ఫరవాలేదు, ఆయన చెప్పగలడు. ఇంకెవరికో ఇచ్చిన సందర్భాలే ప్రమాదం. సంక్రాంతి దాటిందంటే పదో తరగతికి స్పెషల్ క్లాసులు, స్లిప్ టెస్టులు, రాత్రి చదువులు మొదలవుతాయి. ఆ మూడు నెలలూ చిన్న తరగతులు చాలా చోట్ల తమ మానాన తాము నడుస్తుంటాయి. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు, 1,000 గంటల బోధన ఉండాలంటుంది. రిజిస్టర్లో అవి ఉంటాయి లెండి.

కాబట్టి హెచ్ఎం గారి గదిలోకి వెళ్ళినప్పుడు టైంటేబుల్ అడిగి చూడండి. గోడకి తగిలించే ఉంటుంది. పదో తరగతి వరుస వదిలేసి ఆరో తరగతి వరుస చదవండి. లెక్కలకి ఎదురుగా ఎవరి పేరు, ఇంగ్లీషుకి ఎదురుగా ఎవరి పేరు, ఆ పీరియడ్లు పొద్దున్నా, మధ్యాహ్నం భోజనం అయ్యాకా. మూడు బళ్ళలోనూ ఇది చూస్తే మీకు సగం జవాబు దొరుకుతుంది.

ఇక ఆ శాతాల సంగతి. మీ ఊళ్ళో రాసింది 24 మంది. ఒక్క పిల్లవాడికి ఆ రోజు జ్వరం వస్తే శాతం నాలుగు పైన పడిపోతుంది. వచ్చే ఏడాది నలుగురు తప్పితే మీ బెస్ట్ బడి 83కి వస్తుంది, అవే గోడలు, అదే సార్లు. చిన్న బడి శాతం ఎప్పుడూ ఇలా ఊగుతుంది. పెద్ద లెక్క కూడా ఊగుతుంది చూడండి: మన రాష్ట్రం మొత్తం పాస్ శాతం 2022లో 67.26, 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. రెండేళ్ళలో దాదాపు 20 పాయింట్లు పెరిగిందంటే రాష్ట్రంలో చదువు అంత మారిపోయిందనుకోవాలా? 2022లో రాసినవాళ్ళు కోవిడ్‌లో బడి పోగొట్టుకున్న పిల్లలు. అంకె వెనకాల ఇలాంటివి చాలా ఉంటాయి.

ఇంకొకటి, మంది లెక్క. పదో తరగతి రాసిన 24 మంది బ్యాచ్‌లో ఆరో తరగతిలో చేరినప్పుడు ఎంతమంది? అడ్మిషన్ రిజిస్టర్లో ఉంటుంది. 40 మంది చేరి 24 మంది మిగిలారంటే ఆ 16 మంది ఎక్కడికి పోయారో కనుక్కోండి. ఊరు మారి పోతే ఒక రకం, చదవలేడని టీసీ చేతికిచ్చి పంపిస్తే ఇంకో రకం. దీనికి ఎదురు కేసు కూడా ఉంటుంది. ఐదులో చేరడానికి గురుకులం పరీక్ష, ఆరులో చేరడానికి నవోదయ, మోడల్ స్కూలు పరీక్షలు. చురుకైన పిల్లల్ని ఈ మూడూ ఏరుకుపోయాక మిగిలినవాళ్ళు జడ్పీ బడికి వస్తారు. మెట్ట పొలం దిగుబడినీ మాగాణి దిగుబడినీ పక్కపక్కన పెట్టి ఎవరు మంచి రైతో చెప్పలేం కదా. మండలం బడి 72 శాతం వెనకాల ఎలాంటి పిల్లలు వచ్చి చేరారో తెలియకుండా దాన్ని మూడో స్థానంలో పడేయకండి.

మీరడిగిన ఆరు నుంచి ఎనిమిది మార్కులు: ఏడాదిలో ఎఫ్ఏలనే చిన్న పరీక్షలు నాలుగు, ఎస్ఏలనే పెద్ద పరీక్షలు రెండు ఉంటాయి. ప్రశ్నపత్రం ఒకటే అయినా దిద్దేది ఆ బడి టీచర్లే. ఒక చోట చేయి ధారాళం, ఇంకో చోట పిసినారితనం. ఒకే బడిలో ఒకే పిల్లవాడు ఎలా సాగుతున్నాడో చూడటానికి పనికొస్తాయి, బడికీ బడికీ పోలికకు పనికిరావు. నాస్, పరఖ్ లాంటి జాతీయ సర్వేలు కొన్ని బళ్ళను శాంపిల్‌గా తీసుకుని జిల్లా పరిస్థితి చెప్తాయి, మీ ఊరి బడి సంగతి చెప్పవు.

ఈ వయసుకి బయటివాళ్ళు పెట్టే పరీక్షల్లో మీకు పనికొచ్చేది ఎన్ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష. ఎనిమిదో తరగతిలో రాస్తారు. మానసిక సామర్థ్యం 90 మార్కులు, సబ్జెక్టులు 90 మార్కులు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు. కుటుంబ ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. ప్రైవేటు పిల్లలకి, గురుకులాల పిల్లలకి అవకాశం లేదు, కనక మీ మూడు బళ్ళ పోలికకి ఇది చక్కగా సరిపోతుంది. అయితే "మా బడిలో ఐదుగురికి వచ్చింది" అని ఫ్లెక్సీ చూసి మురిసిపోవద్దు. ఎనిమిదో తరగతిలో ఎంతమంది ఉన్నారు, ఎంతమంది రాశారు, ఎంతమందికి వచ్చింది, ఈ మూడూ అడగండి. అరవై మంది ఉన్న తరగతిలో ఎనిమిది మందిని ఏరి, వాళ్ళకే ఆరు నెలలు కోచింగిచ్చి, ఐదుగురిని గట్టెక్కించిన బడి ఒకటి. నలభై మందిలో ముప్పై ఐదు మంది చేత రాయించి ముగ్గురు ఎంపికైన బడి ఇంకొకటి. నా ఓటు రెండోదానికి.

చివరిగా ఒక చిన్న పని. పిల్లలకి చదవడం, లెక్కలు ఎంత వచ్చో చూసే అసర్ సర్వే వాళ్ళు ఊళ్ళలో పిల్లల ఇంటికెళ్ళి అడిగేవి చాలా చిన్న ప్రశ్నలు. రెండో తరగతి స్థాయి పేరా చదవాలి. మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించాలి. 2024 సర్వేలో దేశంలోని పల్లెల్లో ఎనిమిదో తరగతి పిల్లల్లో ఆ భాగహారం చేయగలిగినవాళ్ళు 45.8 శాతం. మీది జిరాక్స్ షాపు, ప్రాజెక్టు బొమ్మలకి పిల్లలు వస్తూనే ఉంటారు. ఏడో తరగతి పిల్లలు వచ్చినప్పుడు 847ని 6తో భాగించమని ఒక కాగితం ఇవ్వండి. ఏ బడో రాసుకోండి. వాళ్ళ లెక్కల నోట్సు కూడా ఒకసారి తిప్పి చూడండి. ఎర్ర పెన్ను టిక్కు ప్రతి పేజీలోనూ ఉంటుంది. తప్పు దగ్గర టీచరు ఆగి సరైన పద్ధతి రాశారా అన్నది చూడాలి.

నల్గొండ టీచరమ్మ:

మాస్టారు చెప్పిన శాతాల ముచ్చటకు ఒక మాట కలుపుతాను. తెలంగాణలో 2025 పదో తరగతి పాస్ 92.78 శాతం. మీకు 81.14. అంటే మా పిల్లలు మీ పిల్లలకంటే పదకొండు శాతం తెలివైనవాళ్ళా? మాకు సబ్జెక్టుకు 20 మార్కులు ఇంటర్నల్స్, బడిలోనే వేస్తాం. బోర్డు పరీక్ష 80కి. మీకు వంద మార్కులూ పరీక్షలోనే తెచ్చుకోవాలి. పరీక్ష తీరు వేరైతే శాతం వేరవుతుంది. ప్రతి ఏడాది ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి వాట్సప్‌లో కొట్టుకునే వాళ్ళను చూస్తే నవ్వొస్తుంది.

అన్నా, మీడియం సంగతి కూడా చూసుకోండి. మీ పాప ప్రైవేటు నుంచి వస్తోంది కాబట్టి ఇంగ్లీషు చదవడం వచ్చి ఉంటుంది, అర్థం చేసుకోవడం సగం సగం ఉంటుంది. మీ దగ్గరా మా దగ్గరా పాఠ్యపుస్తకాలు ఇప్పుడు రెండు భాషల్లో ఉన్నాయి, ఎడమ పేజీ ఒక భాష, కుడి పేజీ ఒక భాష. టీచరు ఏ పేజీ చూసి పాఠం చెప్తున్నారో అడిగితే బడి నిజస్వరూపం తెలుస్తుంది. రెండు పేజీలూ వాడుకుంటూ తెలుగులో వివరించి ఇంగ్లీషులో రాయించే టీచరు దొరికితే ఇంక ఆలోచించకండి.

ఏడో తరగతి అమ్మ:

అన్నయ్యగారూ, మాది భీమవరం వైపు. మా అమ్మాయి కూడా ప్రైవేటు నుంచి జడ్పీ హైస్కూలుకి మారింది, ఇప్పుడు ఏడు పూర్తయింది. నేను విద్యా కమిటీలో ఉన్నాను. మాస్టారు గారు చదువు సంగతి బాగా చెప్పారు. ఆడపిల్ల తల్లిగా నేను చూసేవి వేరు.

బాత్రూములు ఎన్ని ఉన్నాయో వెబ్‌సైట్లో ఉంటుంది, అందులో నీళ్ళు వస్తున్నాయో లేదో ఉండదు. మధ్యాహ్నం పూట వెళ్ళి చూడండి, పొద్దున్నే అయితే అన్నీ కడిగి ఉంటాయి. ఆరు, ఏడు తరగతుల్లోనే ఆడపిల్లలు పెద్దమనుషులవుతారు. నీళ్ళు లేని బడిలో నెలకి మూడు రోజులు ఇంట్లో కూర్చుంటారు. పాఠాలు పోతాయి, ముఖ్యంగా లెక్కల్లో ఒక మెట్టు పోతే తర్వాతది ఎక్కలేరు. దీన్ని ఎవరూ "పర్‌ఫార్మెన్స్" లెక్కలో వెయ్యరు. మీరు వెయ్యండి.

భోజనం టైముకి వెళ్తే ఇంకో మంచిది. ఎంతమంది పిల్లలు బడి భోజనం తింటున్నారు, ఎంతమంది ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకుంటున్నారు. టీచర్లు అక్కడ నిలబడి ఉన్నారా, స్టాఫ్ రూములో తలుపేసుకుని ఉన్నారా. ఒక్క రోజే చూసి వచ్చేయకండి, మెనూ బాగున్న రోజు అందరూ తింటారు.

దూరం గురించి. ఆడపిల్లలకి పదో తరగతి దాకా ఆర్టీసీ పాసు ఉచితమే. మా సమస్య పాసు కాదు, బస్సు. సాయంత్రం బడి వదిలే టైముకీ బస్సు టైముకీ పొంతన లేక మా పక్కింటి పిల్ల రోజూ బస్టాండులో చీకటి పడేదాకా కూర్చునేది. ఆటోలో పంపిస్తే నెలకి ఎంతవుతుందో, ఆ ఆటోలో ఎంతమందిని కుక్కుతున్నారో చూసుకోండి.

ఇంకో మాట. విద్యా కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని చట్టంలో ఉంది. మూడు ఊళ్ళలోనూ కమిటీలో ఉన్న ఒక్కో తల్లిని పట్టుకుని, "చివరి మీటింగ్‌లో ఏం మాట్లాడారమ్మా" అని అడగండి. "సంతకం పెట్టించుకున్నారండీ" అన్నారనుకోండి, సంగతి అర్థమైపోతుంది. 2024 డిసెంబరు 7న మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు కదా, మా బడిలో ఆ రోజు ముగ్గులు, రంగవల్లులు, టగ్ ఆఫ్ వార్ అన్నీ అయ్యాక నేను మా అమ్మాయి ప్రోగ్రెస్ కార్డు పట్టుకుని సైన్సు మేడం దగ్గర కూర్చున్నాను. పది నిమిషాలు ఓపిగ్గా చెప్పారు. అలా మామూలు రోజున వెళ్ళినా చెప్పే టీచర్లు ఎంతమంది అన్నదే నా లెక్క.

హైదరాబాద్ కుర్రాడు:

అన్నా, నేనూ అలాంటి జడ్పీ స్కూల్లోనే చదివి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చాను, కాబట్టి తక్కువ చేసి మాట్లాడట్లేదు. కానీ ఇంత రీసెర్చ్ చేసే బదులు మోడల్ స్కూలుకో గురుకులానికో ట్రై చేయొచ్చుగా? అక్కడ రిజల్ట్స్ ఎప్పుడూ బాగుంటాయి.

లెక్కల మాస్టారు (రిటైర్డ్):

నాయనా, మోడల్ స్కూలు పరీక్ష ఏప్రిల్‌లోనే అయిపోయింది. సీటు మిగిలితే ప్రయత్నించమనండి, తప్పు లేదు. కానీ పరీక్ష పెట్టి ఏరుకున్న పిల్లలతో వచ్చే రిజల్టుని చూసి బడి గొప్పదనుకోవడం దగ్గర నాకు పేచీ ఉంది. తూకం వేయాలంటే ఆరులో పిల్లవాడు ఎక్కడున్నాడు, ఎనిమిది అయ్యేసరికి ఎక్కడికి వచ్చాడు అన్న తేడా చూడాలి. ఆ తేడాని మన దగ్గర ఎవరూ బడివారీగా బయటపెట్టరు. అందుకే ఈయన్ని షాపులో భాగహారాలు చేయించమంటున్నాను.

కాలువగట్టు నాన్న:

అందరికీ ధన్యవాదాలు. మూడు బళ్ళూ తిరిగొచ్చాను. సెలవులే అయినా బదిలీల పని వల్ల హెచ్ఎంలు దొరికారు.

మా ఊరి బడి: హెచ్ఎం గారు కుర్చీ వేసి కూర్చోబెట్టి దాపరికం లేకుండా చెప్పారు. లెక్కల పోస్టు ఒకటి ఖాళీ. ఉన్న ఒక్క సారూ ఎనిమిది, తొమ్మిది, పది చూస్తారు. ఆరు, ఏడుకి కిందటేడు జీవశాస్త్రం మేడం లెక్కలు చెప్పారట. మేడం మంచావిడే, పిల్లలకి ఆవిడంటే ఇష్టం, కానీ "నాకు లెక్కలు చెప్పడం టెన్షనే సార్" అని ఆవిడే హెచ్ఎంతో అన్నారట. మరి 22 మంది పాస్ ఎలాగంటే, ఆ ఒక్క సారు పొద్దున్న ఏడింటి నుంచీ రాత్రి దాకా పదో తరగతి వాళ్ళతోనే ఉన్నారు. మాస్టారూ, మీరు చెప్పిన కథ అచ్చంగా కళ్ళ ముందు కనిపించింది. ఆరో తరగతిలో 19 మంది పిల్లలు. బాత్రూముల్లో నీళ్ళు వస్తున్నాయి.

మండలం బడి: లెక్కలకి ఇద్దరు సార్లు, ఒకాయన కావాలని ఆరో తరగతి తీసుకుంటారట. "పునాది లేకుండా పదిలో నేనేం పీకను" అన్నారని అక్కడి అటెండరు చెప్పాడు. ఎనిమిదో తరగతిలో 70 మంది దాకా ఉంటే ఎన్ఎంఎంఎస్ 50 మందికి పైగా రాశారు, ఆరుగురికి వచ్చింది. కానీ ఆరో తరగతి ఒక్క సెక్షన్లో 55 మంది. చట్టం ప్రకారం టీచరుకి 35 మంది పిల్లలని ఎక్కడో చదివాను, అది అడిగితే "బడి మొత్తానికి లెక్క వేస్తే సరిపోతుందండీ" అన్నారు. నీళ్ళ మోటారు పాడైంది, బాగుచేయిస్తామన్నారు.

టౌన్ బడి: టైంటేబుల్ చూపించమంటే "మీరెవరు, ఏ పత్రిక" అన్నారు. తిరిగొచ్చేశాను. దాన్ని పక్కన పెట్టేశాం.

847ని 6తో భాగించే పరీక్ష కూడా పెట్టాను. మా ఊరి ఏడో తరగతి పిల్లలు ఐదుగురిలో ఇద్దరు చేశారు. మండలానికి వెళ్ళే నలుగురిలో ముగ్గురు. మా పాప కూడా వచ్చి చేసింది, 141 దాకా వచ్చి శేషం రాయలేదు. ఇంత తక్కువ మందితో ఏమీ తేల్చకూడదని తెలుసు. అయినా మనసు మండలం వైపు లాగుతోంది. మా ఆవిడ మాత్రం 55 మందిలో పాప వెనక బెంచీకి పోతుందని, ఊళ్ళో అయితే 19 మందిలో కంటి ముందుంటుందని అంటోంది.

రెండు ప్రశ్నలు మిగిలాయి. ఆ ఆరో తరగతి తీసుకునే సారు ఈ బదిలీల్లో వెళ్ళిపోతే? రెండోది, పాత స్కూలువాళ్ళు ఫీజు బాకీ తీర్చేదాకా టీసీ ఇవ్వమంటున్నారు. బాకీ కొంత ఉన్న మాట నిజమే, ఒకేసారి కట్టే పరిస్థితి లేదు.

లెక్కల మాస్టారు (రిటైర్డ్):

మంచి పని చేశారు. పిల్లలు చేసిన కాగితాలు పారేయకండి. తప్పు చేసినవాళ్ళు ఎక్కడ ఆగారో చూడండి. ఆరో ఎక్కం రాక ఆగితే అది కింది తరగతుల బాకీ. ఎక్కం వచ్చి కూడా రెండో అంకె దించడం తెలియక ఆగితే పద్ధతి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదన్నమాట. మీ పాప 141 దాకా వచ్చిందంటే దారిలోనే ఉంది, కంగారు పడకండి.

బదిలీల గురించి. ఒకే బడిలో ఎనిమిది విద్యాసంవత్సరాలు నిండిన టీచరు, ఐదేళ్ళు నిండిన హెచ్ఎం తప్పనిసరిగా కదలాలి. కనక ఆ సారు ఆ బడికి ఏ ఏడాది వచ్చారో కనుక్కోండి. మూడు, నాలుగేళ్ళ కిందటే వచ్చి, తనంతట తాను అడగకపోతే మీ పాప ఎనిమిదో తరగతి దాకా ఉండే అవకాశం ఎక్కువ. ఇంకో వైపు చూస్తే, మీ ఊరి ఖాళీ కూడా శాశ్వతం కాదు. ఇప్పుడు బదిలీల్లో ఎవరైనా కోరుకోవచ్చు. లేదా 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ (టీచర్ల నియామక పరీక్ష) పెట్టారు కదా, అలాంటి నియామకాల్లో నిండొచ్చు. ఆ కొత్తవాళ్ళు వచ్చేసరికి మాత్రం విద్యాసంవత్సరం కొంత గడిచిపోతుంది. మీ హెచ్ఎం గారిని సూటిగా ఒక ప్రశ్న అడగండి: "ఈ లెక్కల ఖాళీని బదిలీల జాబితాలో చూపించారా, బ్లాక్ చేశారా?" బ్లాక్ అయిన ఖాళీ బదిలీల్లో నిండదు. చూపించి ఉంటే పది, పదిహేను రోజుల్లో తేలిపోతుంది. బడి తెరిచేది జూన్ 12న, అప్పటిదాకా ఆగినా మీకు నష్టం లేదు.

మీ ఆవిడ మాట కూడా కొట్టిపారేయకండి. 19 మంది తరగతిలో సరైన టీచరు ఉంటే దాన్ని మించింది లేదు. ఖాళీ నిండితే నేనైనా ఊరి బడికే ఓటేస్తాను. నిండకపోతే మండలం, వెనక బెంచీ అయినా సరే. ఆ మోటారు సంగతి మాత్రం భీమవరం అమ్మాయి చెప్పినట్టు వెంటపడి బాగుచేయించండి.

టీసీ విషయం. విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్‌లో స్పష్టంగా ఉంది: టీసీ రావడం ఆలస్యమైందని గవర్నమెంటు బడి పిల్లని చేర్చుకోవడం ఆపకూడదు, వాయిదా వెయ్యకూడదు. పాప ఆధార్, ఐదో తరగతి ప్రోగ్రెస్ కార్డు పట్టుకుని హెచ్ఎం దగ్గరికి వెళ్ళండి. బాకీ మీకూ ఆ స్కూలుకీ మధ్య లెక్క, నెలనెలా కడతానని కాగితం రాసివ్వండి.

ఏడో తరగతి అమ్మ:

మాస్టారు చెప్పినదానికి ఒకటి కలపండి అన్నయ్యగారూ. టీసీ లేకుండా చేర్చుకుంటారు, మా అమ్మాయిని అలాగే చేర్చుకున్నారు. కానీ యూడైస్‌లో పాప పేరు పాత స్కూలు ఖాతాలోనే ఉండిపోతుంది. వాళ్ళు ఆన్‌లైన్‌లో వదిలితేనే కొత్త బడి లాగగలదు. అది కాకపోతే బ్యాగులు, పుస్తకాలు, యూనిఫాం వచ్చినప్పుడు పేరు లేదంటారు. పాప పెన్ నంబరు (యూడైస్‌లో పిల్లకి ఇచ్చే శాశ్వత నంబరు) పాత స్కూలు వాళ్ళనడిగి ఈ వారమే తీసుకోండి. వాళ్ళు వదలకపోతే కొత్త బడి హెచ్ఎం చేత ఎంఈఓ ఆఫీసుకి లెటర్ పెట్టించండి. మాకు అలా పెట్టాకే కదిలింది.